మీ గుంపు మేస్త్రి ఎవరు?

పోయినేడు ఫాల్గుణంలో మేం సైకిళ్ల మీద ఊళ్లు తిరుగుతుంటే మా వెనకాల ఒక తెల్ల వ్యాన్ వచ్చింది. ఈ ఏడు రాలేదు. వచ్చే ఏడు రావాలా వద్దా అని మా తొమ్మిది మందిలో పది రోజులుగా పంచాయితీ నడుస్తోంది. వద్దనేవాళ్లలో ముందున్నది నేనే. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పి చెప్పి నాకే విసుగొచ్చింది. ఒకసారి కూర్చుని మొదటి నుంచి రాసుకుంటే తప్ప నా మాటలో పస ఎంతుందో నాకూ తెలిసేట్టు లేదు.

ముందు ఆ వ్యాన్ సంగతి. పోయినేడు టూరు మేం సొంతంగా పెట్టుకున్నది కాదు. పట్నంలో సైకిల్ టూర్లు నడిపేవాళ్లకు తలా 14,000 కట్టి పోయాం. వాళ్లను తప్పు పట్టడానికేం లేదు, చెప్పినవన్నీ చేశారు. వ్యాన్‌లో ఐసు పెట్టె, సీలు తీయని నీళ్ల సీసాలు, అరటిపళ్లు, ఓఆర్‌ఎస్ పాకెట్లు, రకరకాల ట్యూబులు, ఒక మెకానిక్కు. పది పదిహేను కిలోమీటర్లకొకసారి మాకంటే ముందు పోయి, ఏ మర్రిచెట్టు కిందో మడత బల్ల వేసి, దాని మీద గళ్ల గుడ్డ పరిచి, పుచ్చకాయ ముక్కలు కోసిపెట్టి మా కోసం ఎదురుచూసేవాళ్లు. మూడు రోజుల్లో రెండు వందల యాభై కిలోమీటర్లు తొక్కాం. ఇంటికొచ్చాక గుర్తు చేసుకుంటే, దారిలో ఏ ఊళ్లోనూ ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడిన పాపాన పోలేదు. పిల్లలు చేతులూపారు, మేమూ ఊపాం. అంతే.

అందరం ఒకే మాట అన్నాం: ‘ఎంత ప్రశాంతంగా ఉంది!’ నేనూ అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను, ఎందుకంటే అంతకు రెండు గంటల ముందే మర్రిగూడ దగ్గర ఒకటి జరిగింది.

మా అమ్మ పుట్టిల్లు ఆ పక్క ఊరే. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు. ఈ పేర్లు చెబితే నల్లగొండ జిల్లా వాళ్లకు ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడ్. వ్యాన్ ఆగిన చోట ఒక కిరాణా దుకాణం అరుగు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. కాళ్లు మోకాళ్ల దగ్గర విల్లులా బయటికి వంగిపోయాయి. మెడ తిరగదు, మమ్మల్ని చూడటానికి నడుము నుంచి ఒళ్లంతా తిప్పాడు. మా టూరు అబ్బాయి అప్పుడే సీసాలు పంచుతూ, కాస్త గట్టిగానే, ‘ఈ ఊళ్ల నీళ్లు తాగకండి సార్, ఫ్లోరైడ్’ అన్నాడు. అతని ఉద్దేశం మంచిదే. పెద్దాయన విన్నాడు, ఏమీ అనలేదు. నేను సీసా మూత తిప్పాను. సీలు తెగి చిటుక్కుమంది. నాకు చెవులు వేడెక్కాయి.

ఫ్లోరోసిస్ ఒక గ్లాసు నీళ్లతో వచ్చే జబ్బు కాదు. ఏళ్లకేళ్లు తాగితే ఎముకల్లో పేరుకుని మనిషిని వంచేస్తుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదని లెక్క. ఈ బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుక్కి దించే పద్ధతి ఒకటి నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేస్తే దానికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు నిలిచింది. ఇంజనీరింగ్ పుస్తకాల్లోకి మా జిల్లా పేరు ఎక్కింది అట్లా. ఇప్పుడు ఈ ఊళ్లలో ఇంటింటికీ నల్లా ఉంది, మిషన్ భగీరథ నీళ్లొస్తాయి. ఆ పథకం పైలాన్ నిలబెట్టింది 2015లో, ఇక్కడికి దగ్గర్లోని చౌటుప్పల్‌లోనే. దానికి చాలా ముందు నుంచే సాగర్ వెనక జలాల్లో పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణ నీళ్లు అక్కంపల్లి చేరి, కోదండాపురంలో శుద్ధయి, ఈ దిక్కు ఊళ్ల పక్కనుంచే పైపుల్లో హైదరాబాదు పోతున్నాయి. మా ఇంటి నల్లాలో వచ్చేవి అవే. పైపు పక్కనుంచి పోతుంటే ఊళ్లు బోరు నీళ్లు తాగాయి. ఆ కృష్ణ నీళ్లు పట్నంలో ఇరవై ఏళ్లు తాగినవాణ్ని, ఆ పెద్దాయన ముందు నిలబడి సీసా సీలు తెంపాను.

వ్యాన్ నాకు నీళ్లిచ్చింది. నీళ్లు అడిగే అవసరం తీసేసింది. నా వాదమంతా ఈ రెండో ముక్క మీదే నిలబడి ఉంది.

పల్లెలో పలకరింపు ఊరికే పుట్టదు. పుట్టినట్టు కనిపించే చోట కూడా లోపల ఏదో ఒక అక్కర ఉంటుంది. ఎవరి బిడ్డవు, ఏ పని మీద వచ్చినవు, పట్నంలో మా వాడున్నాడు ఎరుగుదువా. అన్నీ అక్కరలే. అన్నీ వెంట తెచ్చుకున్నవాడితో ఊరికేం పని? వాణ్ని ఏమని అడుగుతుంది? మేం చూసి పోయాం, వాళ్లు చూసి ఊరుకున్నారు. దానికి మేం పెట్టుకున్న పేరు ప్రశాంతత.

ఈ ఏడు సొంతంగా పోదామని పట్టుబట్టాను. ఇంటికి వెయ్యి మాటలు పడి తొమ్మిది మందిని కూడగట్టాను. బ్యాంకు ఉద్యోగి ఒకరు, సాఫ్ట్‌వేర్ అన్నదమ్ములిద్దరు, ఒక డాక్టరమ్మ, ఆమె చెల్లెలు, కాలేజీ కుర్రాళ్లు ఇద్దరు, నేను, మా అందరికంటే పెద్ద, అరవై రెండేళ్ల రిటైర్డ్ లెక్కల సారు. ఒకటే నియమం: సారును దాటి ఎవరూ ముందుకు పోకూడదు. కుర్రాళ్లకు ఇది శిక్షలా అనిపించింది. సారు వేగం గంటకు పదమూడు పద్నాలుగు. చెరువు కనిపిస్తే సున్నా.

దారి ఇది: ఇబ్రహీంపట్నం నుంచి మాల్, మర్రిగూడ, నాంపల్లి మీదుగా దేవరకొండ. రెండో రోజు డిండి మీదుగా అచ్చంపేట. మూడో రోజు తెలకపల్లి, నాగర్‌కర్నూల్, బిజినేపల్లి, మహబూబ్‌నగర్. లాడ్జీల గురించి చెప్పడానికేం లేదు. దోమలున్నాయి.

కాలం గురించి మాత్రం ఒక మాట. చైత్ర వైశాఖాలు వసంత ఋతువని బడిలో వల్లె వేశాం. మా వైపు చైత్రం వచ్చేసరికి రోడ్డు మీద తారు మెత్తబడుతుంది. మాకు వసంతమంటే ఫాల్గుణమే. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయాక కామునిపున్నం దాకా ఉండే ఆ పదిహేను రోజులు, వాటిలోనూ పొద్దున పదిలోపు. చెట్లన్నీ ఆకు రాల్చి మోళ్లయితే మోదుగు ఒక్కటీ ఒళ్లంతా నిప్పు పూసుకుని నిలబడుతుంది. యాసంగి వరి పొట్ట మీద ఉంటుంది. పత్తి చేన్లలో కట్టె పీకి కుప్పలు పెట్టి ఉంటారు. నాంపల్లి దగ్గర బత్తాయి తోటల పక్కనుంచి పోతుంటే చివరి పూత వాసన వచ్చింది. కారులో పోయేవాడికి అది ఒక క్షణం, సైకిల్ మీద పోయేవాడికి తోట పొడవునా. సారు వేగానికైతే ఇంకాస్త ఎక్కువే.

దేవరకొండ ఇంకా ఎనిమిది కిలోమీటర్లుందనగా బ్యాంకాయన సైకిల్ వెనక చక్రం కూర్చుంది. సర్కారు తుమ్మ ముల్లు. వేలెడంత ఉంది, టైరులోంచి ట్యూబులోకి దిగి కొన విరిగింది. మా దగ్గర ప్యాచీలున్నాయి, చేతి పంపుంది. ప్యాచీ వేశాక తెలిసింది, పంపు వాషర్ చెడిపోయిందని. ఎంత కొట్టినా చేతుల్లో గాలి తప్ప చక్రంలోకి పోదు.

నడిపించుకుంటూ పోతే రోడ్డు పక్కన రేకుల కొట్టు. మోటారుసైకిళ్లు, ట్రాక్టర్ ట్యూబుల పంచర్లు వేసేది. కంప్రెసర్ ఉంది. కొట్టు నడిపే పిల్లవాడికి ఇరవై రెండేళ్లుంటాయేమో. గొట్టం తెచ్చి పెట్టబోయి ఆగాడు. మా సైకిళ్ల వాల్వు సన్నది, పొడుగ్గా పెన్ను రీఫిల్‌లా ఉంటుంది, చివర చిన్న మర. మోటారుసైకిల్ గొట్టం దానికి పట్టదు. దానికొక ఇత్తడి బిళ్ల దొరుకుతుంది, శనగ గింజంత. ఆ బిళ్ల ఎవరి దగ్గరుందో, ఏ సంచిలో ఉందో చూడటానికి తొమ్మిది సంచులూ రోడ్డు మీద కుమ్మరించాం. దొరకలేదు. పోయినేడైతే వ్యాన్‌లోంచి ఒక చేయి వచ్చి ఇచ్చేది.

పిల్లవాడు ఆ వాల్వు మీదుండే ప్లాస్టిక్ టోపీ తీసి కాసేపు వేళ్ల మధ్య తిప్పాడు. జేబులోంచి బ్లేడు తీశాడు. టోపీ కొనను అడ్డంగా, గోరు తీసినంత కోశాడు. అటు చివర చిల్లి పడింది. వాల్వు మర వదులు చేసి, టోపీని తలకిందులుగా తిప్పి దాని మీద బిగించాడు. ఇప్పుడు వాల్వు మెడ లావయింది. కంప్రెసర్ గొట్టం దాని మీద అదిమి పట్టాడు. కాస్త పక్కనుంచి బుస్సుమంది గానీ చక్రం లేచి నిలబడింది. ‘గింతే అన్నా’ అన్నాడు. ఈ చిట్కా ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే నవ్వి, ‘ఏడ నేర్సుకుంట? సూస్తె తెల్వదా’ అన్నాడు. పది రూపాయలు తీసుకున్నాడు. ఆ తర్వాత మొదలుపెట్టాడు ప్రశ్నలు. సైకిల్ ఎంత? యాభై వేలా? మోటరు లేకుంటెనా? మైలేజీ ఎట్ల? (ఇది నవ్వుతూ.) పట్నంలో సైకిళ్ల షోరూముల్లో మెకానిక్కులకు జీతమెంత ఇస్తరు? ఇది నవ్వకుండా అడిగాడు. సాఫ్ట్‌వేర్ అన్నదమ్ముల్లో పెద్దవాడు అతని నంబరు రాసుకున్నాడు. ఇప్పటికైతే ఏమీ చేయలేదు, ఆ సంగతి గ్రూపులో నేను రోజూ గుర్తు చేస్తున్నాను.

రెండో రోజు పొద్దున అయిదున్నరకు దేవరకొండ దాటాం. మబ్బుమబ్బుగా ఉంది. గుట్టల కింద చేన్లలోంచి ఉన్నట్టుండి ‘హో... హోయ్... డుర్ర్’ అని మగ గొంతు అరిచింది. డాక్టరమ్మ చెల్లెలు బ్రేకు పట్టింది. మళ్లీ అదే అరుపు, అంతే పొడవు, అదే చోట దగ్గు. చేను నడుమ కట్టెకు మైకు కట్టి ఉంది. అడవిపందులు రాకుండా రైతు తన గొంతు రికార్డు చేసి రాత్రంతా అరిపిస్తున్నాడు. దగ్గు కూడా దాంట్లో పడిపోయింది. కాస్త ముందుకు పోతే పల్లి చేను చుట్టూ పాత చీరలు కట్టి ఉన్నాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ఒకటి జరీ అంచుది. పోయినేడు ఇట్లాంటి చేను ముందే మేం వరసగా నిలబడి ఫోటో దిగాం. మా టూరు వాళ్లు దాన్ని ‘పల్లె రంగులు’ అని పెట్టుకున్నారు. అదీ పందుల బాధే. గాలికి చీర కదిలితే మనిషి ఉన్నాడనుకుని పంది జంకుతుందని ఆశ. ఏడాదికే దానికీ అలవాటు పడుతుందట. ఈ మాట చెప్పింది చేను గెట్టు మీద కూర్చుని పళ్లు తోముకుంటున్న ఆసామి. సారు చెరువు చూడటానికి ఆగకపోతే ఆయన మాకు తగిలేవాడు కాదు.

ఇక ప్రశాంతత సంగతి. నా చిన్నప్పుడు ఊళ్లో రాత్రి కరెంటు. ఏ రెండింటికో మూడింటికో వస్తే మా నాయన టార్చిలైటు పట్టుకుని బాయి కాడికి పోయేవాడు. అమ్మ వాకిట్లో కూర్చునేది. పాము కావచ్చు, స్టార్టరు డబ్బాలో షాకు కావచ్చు. మోటరు చప్పుడు దూరంగా వినబడ్డాక లోపలికొచ్చి పడుకునేది. ఊరంతా నిశ్శబ్దంగా ఉందంటే మోటరు ఇంకా ఎక్కలేదని అర్థం. 2018 జనవరి 1 నుంచి ఇరవైనాలుగు గంటల కరెంటు మొదలయ్యాక ఆ రాత్రులు తప్పాయి. నిశ్శబ్దం మంచిదో చెడ్డదో బయటివాడికి వినబడదు. లోపల కూర్చున్నవాళ్లను అడగాలి.

డిండి కట్ట మీద గాలి బాగుంది. అక్కడ గంట కూర్చున్నాం, అంతకంటే చెప్పడానికేం లేదు, నీళ్లు నీళ్లలా ఉన్నాయి. దాని తర్వాత తండా దగ్గర మాత్రం ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టారు. లంబాడీలకు హోలీ మనకంటే ముందే మొదలవుతుంది. లేంగీ పాటలు, ఆటలు, దారిన పోయే బండి ఆపి డబ్బులడగటం. కార్లవాళ్లు అద్దాలెత్తి హారను కొడుతూ పోయారు. సైకిలుకు అద్దాలేవి? దిగాం. రెండు వందలిస్తామంటే చాలదన్నారు. అయిదు వందల దగ్గర బేరం కుదిరింది గానీ షరతు పెట్టారు, ఆడాలని. డాక్టరమ్మ ఆడింది. సారు లెక్కల సారు కాబట్టి చప్పట్ల లెక్క తప్పకుండా కొట్టాడు. నా ఆట గురించి ఇక్కడ రాయను.

మూడో రోజు సంగతి కోసమే ఇదంతా మొదలుపెట్టాను.

తెలకపల్లి దాటాక కాల్వ కనిపించింది. కల్వకుర్తి లిఫ్టుది. శ్రీశైలం వెనక జలాలను ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు, మూడు చోట్ల మూడు మెట్లెక్కించి ఈ నేలకు తెచ్చారు. కాల్వ అందిన పక్క వరి మడులు. అందని పక్క పల్లికాయ, ఖాళీ చేన్లు. ఆ అందని పక్కనే ఒక వేపచెట్టు కింద పదకొండు మంది ఆడవాళ్లు పల్లి చెట్ల కుప్ప చుట్టూ కూర్చుని కాయ తెంపుతున్నారు. సారుకు నీళ్లు కావాలని ఆగాం. బిందెలోంచి చెంబుతో ముంచి ఇచ్చింది ఒక ముసలమ్మ. డెబ్బై దాటి ఉంటాయి. మా హెల్మెట్లు, బిగుతు బట్టలు కిందికీ మీదికీ చూసి అడిగింది.

‘యాడికి పోతున్నరు బిడ్డా?’

‘పాలమూరు దాకా అవ్వా.’

‘ఏం పనికి?’

‘పనేం లేదు. తిరగనీకి.’

‘గుంపుగ వోతున్నరు గద. మీ గుంపు మేస్త్రి ఎవరు?’

పాలమూరులో గుంపు అంటే పదిమంది జనం అని అర్థం కాదు. కట్టు బట్టలతో, వంట గిన్నెలతో, చంకలో పిల్లతో బొంబాయికో పుణెకో పనికి పోయే బృందం. మేస్త్రి ముందు అడ్వాన్సు ఇస్తాడు. ఆ బాకీ తీరేదాకా ఆయన చెప్పిన చోట మట్టి తవ్వాలి, కంకర మోయాలి. దేశంలో ఏ డ్యామ్ దగ్గర చూసినా పాలమూరు మనిషి చేతి తట్ట ఉంటుందని మా జిల్లాల్లో చెప్పుకుంటారు. ముసలమ్మ ఎగతాళి చేయలేదు. ఆమెకు తెలిసిన లోకంలో మూటలు కట్టుకుని వరసగా పోయే మనుషులకు ఒక మేస్త్రి ఉంటాడు, అంతే.

నేను సారును చూపించాను. ‘ఈయనే.’

‘అడ్వాన్సు ఎంతిచ్చిండు?’

‘ఆయనియ్యలే అవ్వా, మేమే ఖర్సులకు ఆయన చేతిల పెట్టినం. తలా మూడు వేలు.’

ఆమె తెంపడం ఆపింది. పక్కనామె వైపు తిరిగి, ‘ఇన్నవానె? పైసలిచ్చి కష్టం జేస్తున్నరంట’ అంది. పదకొండు మందీ ఒక్కసారి నవ్వారు. ఒకామె వెనక్కి వాలి నవ్వింది. నేను బతుకులో ఇంత సరైన విమర్శ వినలేదు.

కూర్చుని మేమూ తెంపాం. చెట్టును తలకిందులుగా పట్టుకుని, బొటనవేలితో కాయను కాడ దగ్గర విరిచి లాగాలి. కాడ కాయతో రాకూడదు, వస్తే కొనేవాడు తరుగు తీస్తాడు. మట్టి గోళ్ల సందుల్లోకి పోతుంది. కూలి బుట్టలెక్కన. అరగంటలో తొమ్మిది మందిమి కలిసి ఒక బుట్ట నింపాం. ముసలమ్మ ఒక్కతే అప్పటికి దాదాపు రెండోది. ఆమె కొడుకులిద్దరూ పుణెలో. కాల్వ మూడేళ్ల కింద ‘వస్తది వస్తది’ అన్నారట. వచ్చిన ఊళ్లలో మనుషులు కొందరు తిరిగొచ్చారని ఆమే చెప్పింది. మరి ఇక్కడ ఎప్పుడొస్తుంది అని మమ్మల్నే అడిగింది, పట్నం నుంచి వచ్చాం కాబట్టి మాకు తెలిసి ఉంటుందని. ఎవరం ఏమీ చెప్పలేకపోయాం. డాక్టరమ్మా, ఆమె చెల్లెలూ బాత్రూము కోసం ఊళ్లోకి ఒకామె వెంట పోయి ముప్పావు గంటకు గానీ రాలేదు. వచ్చేటప్పుడు వాళ్ల దగ్గర ఉన్న కథలు మా ఏడుగురి దగ్గరా కలిపి లేవు.

అట్లాంటి డాక్టరమ్మే ఇప్పుడు వ్యాన్ కావాలంటోంది. ఎందుకంటోందో దాచకుండా చెప్పాలి, ఎందుకంటే తప్పు నాది.

పదిన్నరకు తొక్కడం ఆపి సాయంత్రం నాలుగు దాకా నీడ పట్టున ఉండాలని మేమే అనుకున్నాం. మార్చి మొదట్లోనే మధ్యాహ్నం ఎండ ముప్పై అయిదు దాటుతోంది. మూడో రోజు పల్లికాయ దగ్గర ఆలస్యమైంది. మహబూబ్‌నగర్‌లో సైకిళ్లు ఎక్కించుకునే డీసీఎం, అంటే చిన్న లారీ, రెండింటికి వస్తానంది. ‘ఇంకెంత, పోదాం’ అన్నది నేను. బిజినేపల్లి దాటి నాలుగు కిలోమీటర్లు పోయాక సారు సైకిల్ అటూ ఇటూ ఊగింది. దిగాడు. పిక్క పట్టేసింది, చెమట ఆగిపోయింది, కళ్లు తిరుగుతున్నాయన్నాడు. డాక్టరమ్మ గానుగ చెట్టు కింద పడుకోబెట్టి, చొక్కా విప్పి, తువ్వాలు తడిపి మెడకూ చంకలకూ పెట్టింది. నీళ్లలో ఉప్పు, చక్కెర కలిపి గుటక గుటకగా తాగించింది. 108కి ఫోన్ కలుపుతుండగానే వెనకనుంచి ఖాళీ ట్రాలీతో ట్రాక్టర్ వచ్చింది. అడగకముందే ఆపాడు. ట్రాలీలో గోనె సంచులు పరిచి, పైన టార్పాలిన్ పట్టి, భూత్పూర్ దాకా తెచ్చి ఆస్పత్రి ముందు దింపాడు. సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి సారు లేచి కూర్చుని, ‘ట్రాలీలో సగటు వేగం పద్దెనిమిది’ అన్నాడు.

డాక్టరమ్మ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. మర్నాడు అన్నది ఇది: ‘నీకు ఊరుతో మాటలు కావాలి, బాగుంది. దానికి ఆయన ప్రాణం పందెం పెట్టే హక్కు నీకెవరిచ్చారు? ఆ ట్రాక్టర్ రాకపోతే?’

దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. వ్యాన్ ఉంటే సారును అయిదు నిమిషాల ముందు ఎక్కించేవాళ్లం, నిజమే. కానీ వ్యాన్ ఉందన్న ధైర్యంతో పోయినేడు మేం మధ్యాహ్నం పన్నెండింటికి కూడా తొక్కాం. అప్పుడేం కాలేదంటే మా అదృష్టం. ఎండలో తొక్కించింది వ్యాన్ లేకపోవడం కాదు, రెండింటి డీసీఎం. ఆ గడియారం నేను పెట్టింది. కాబట్టి వచ్చే ఏడు నాలుగు రోజులు పెట్టుకుందాం, రోజుకు యాభై కిలోమీటర్లు మించొద్దు, ప్రతి మజిలీ దగ్గరా తెలిసిన ఒక ఆటో నంబరు ముందే రాసుకుందాం, పదిన్నర తర్వాత పెడల్ మీద కాలు పెట్టినవాడికి వెయ్యి రూపాయలు జరిమానా. ఇంత చెప్పినా ఆమె ప్రశ్నలో మిగిలిన సగం అట్లాగే ఉంది. ఊరు ఆదుకుంటుందని లెక్క వేసుకుని బయల్దేరడం ఊరిని వ్యాన్‌గా వాడుకోవడమే కదా అని ఆమె చెల్లెలు అడిగింది. ఈ మాట నన్ను వారం నుంచి పట్టుకుంది.

ట్రాక్టరాయన డబ్బులు తీసుకోలేదు. డీజిలుకైనా తీసుకొమ్మంటే, ‘నేనెట్లయిన గిటే వస్తున్న గదా’ అన్నాడు. గిటు ఆయన దారి కాదని తర్వాత తెలిసింది. నా ఫోన్ నంబరు మాత్రం తీసుకున్నాడు. ఆస్పత్రి ముందున్న అరగంటలో నా గురించి అంతా అడిగాడు. ఊరు, ఇంటి పేరు, ఏం పని, ఎంత జీతం, పిల్లలెందరు, నాయన ఉన్నాడా, భూమి అమ్మేశామా ఉంచామా. అన్నీ చెప్పాను.

పోయిన ఆదివారం ఫోన్ చేశాడు. సారు బాగోగులు అడిగి, అసలు సంగతికొచ్చాడు. మందు కొట్టే పవర్ స్ప్రేయరు కారుతోంది, దాని సీలు కిట్టు నాగర్‌కర్నూల్‌లో లేదు, పట్నంలో రాణిగంజ్‌ల దొరుకుతదట, చూస్తవా అన్నాడు. నాకు చెప్పలేనంత సంతోషమైంది. శనివారం సైకిల్ మీదే పోయాను. మూడు కొట్లు తిరిగాక నాలుగో దాంట్లో దొరికింది. ఆర్టీసీ కార్గోలో వేద్దామని పోయి కౌంటరు దగ్గర ఫారం తీసుకున్నాను. పంపేవారి పేరు రాశాను. తీసుకునేవారి పేరు దగ్గర పెన్ను ఆగింది. నా ఫోన్‌లో ఆయన ‘ట్రాలీ అన్న బిజినేపల్లి’.

అక్కడే పక్కకు జరిగి ఫోన్ చేసి అడిగాను.

‘గిప్పుడడుగుతున్నవా’ అన్నాడు.